నడిబొడ్డు నుంచి నీటి అంచు దాకా: నగర తీరానికి ప్రణాళిక వేసే పద్ధతి

పటం ముందు కూర్చునే ముందు ఒక్క పని చేయండి. ప్రతి నగరానికీ నడిబొడ్డున అందరికీ తెలిసిన కూడలి ఒకటి ఉంటుంది. అక్కడి నుంచి బయలుదేరి నది గానీ సముద్రం గానీ సరస్సు గానీ, మీ నగరానికి ఏ నీరుంటే ఆ నీటి అంచు దాకా నడవండి. ఒంటరిగా వెళ్ళకండి. డెబ్బై దాటిన వారినొకరిని, ఆరేడేళ్ళ పిల్లనొకతెను వెంటబెట్టుకోండి. వాళ్ళు ఎక్కడ ఆగారో, ఎక్కడ మీ చెయ్యి పట్టుకున్నారో, ఎక్కడ "ఇక వెనక్కి పోదాం" అన్నారో రాసుకోండి. మీ ప్రణాళికకు మొదటి పటం అదే.

ముప్పై ఏళ్ళకు పైగా నగర ప్రణాళికలో పనిచేశాను. నా మొదటి తీర పథకంలో మేం ఈ నడక నడవలేదు. నడిబొడ్డును ఒక బృందం, తీరాన్ని మరో బృందం పంచుకున్నాం. రెండింటికీ మధ్య ఆరు వరుసల రహదారి ఉండేది. మా పటంలో అది అంచు గీత, వాళ్ళ పటంలోనూ అంచు గీతే. రెండు బృందాలూ ఆ గీత దగ్గర ఆగిపోయాయి. తీరంలో రాతి పలకలు పరిపించాం, దీపాలు పెట్టించాం, మూడు వందల చెట్లు నాటించాం.

ప్రారంభమైన నాలుగో నెలలో ఒక సాయంత్రం ఆ రహదారి పక్కన నిలబడి ఉన్నాను. చేతికర్ర పట్టుకున్న ఒక పెద్దావిడ అవతలికి దాటబోతోంది. పచ్చదీపం వెలిగింది. ఆవిడ కర్ర ఆనించి, ఒక కాలు దించి, రెండో కాలు దించి, నడక అందుకుని మధ్యనున్న డివైడర్ చేరేసరికే దీపం ఎర్రబడింది. రెండు వైపులా బండ్లు దూసుకుపోతుంటే కర్రను రెండు చేతులతో పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. మళ్ళీ పచ్చదీపం వచ్చాక ముందుకు రాలేదు, వెనుదిరిగి వెళ్ళిపోయింది. నా గడియారం ప్రకారం ఆ సిగ్నల్ నడిచేవాళ్ళకు ఇచ్చినది 18 సెకన్లు. ఆవిడకు నలభై సెకన్లయినా కావాలి. మేం నాటిన మూడు వందల చెట్లలో ఒక్కదాని నీడా ఆవిడకు అందలేదు.

ఆ రోజు నుంచి నేను నడిబొడ్డుకు వేరే ప్రణాళిక, తీరానికి వేరే ప్రణాళిక వేయలేదు. రెండూ ఒకే పటంలో ఉండాలి, మధ్యనున్న రోడ్డు ఆ పటానికి సరిగ్గా నడుమ పడాలి. తీరం బాగుపడేదీ పాడయ్యేదీ ఎక్కువగా నేల మీద తీసుకునే నిర్ణయాలతోనే: దారి ఎటు పోతుంది, మట్టం ఎంత, హక్కు ఎవరిది. భవనాల సంగతి వాటి తర్వాతే.

మధ్యలో ఉన్న రోడ్డు

నీటి ఒడ్డున పెద్ద రోడ్డు ఉండడానికి కారణం ఉంది. ఓడలు పెద్దవయ్యాయి, కంటైనర్లు వచ్చాయి, లోతైన నీళ్ళు వెతుక్కుంటూ రేవులు ఊరి బయటికి తరలిపోయాయి. ఖాళీ అయిన గోదాముల పక్కన కార్లకు దారి వేయడం అందరికీ తేలికగా తోచింది. అలా వేసిన దారిని తీసేయడం సాధ్యమేనని ఇప్పుడు చూపించడానికి ఉదాహరణలు ఉన్నాయి. అమెరికాలోని పోర్ట్‌లాండ్ తన నది ఒడ్డునున్న హార్బర్ డ్రైవ్‌ను 1974లో మూసేసి, 1978లో అక్కడ పార్కు తెరిచింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎంబార్కడెరో అనే ఎత్తు రోడ్డును కూల్చే ప్రతిపాదనను 1986లో ఓటర్లే తిరస్కరించారు. 1989 భూకంపంలో అది దెబ్బతింది, 1991లో కూల్చారు. బండ్లు వేరే వీధుల్లోకి సర్దుకున్నాయి. ఆ రోడ్డు నీడలో మరుగున పడ్డ పాత ఫెర్రీ భవనం 2003లో బజారుగా మళ్ళీ తెరుచుకుంది.

భూకంపం కోసం ఎదురుచూడనక్కర్లేదు. పారిస్ చేసినట్టు చేయవచ్చు. సీన్ నది ఒడ్డు రోడ్డును 2002 నుంచి ప్రతి వేసవిలో కొన్ని వారాలు కార్లకు మూసి ఇసుక పోశారు, కుర్చీలు వేశారు. జనానికి అలవాటయ్యాక 2013లో ఎడమ ఒడ్డున, 2016లో కుడి ఒడ్డున కొంత భాగాన్ని శాశ్వతంగా మూసేశారు. మీరూ ఒక ఆదివారంతో మొదలుపెట్టండి. మూసే ముందు రెండు వారాలు, మూసిన రోజు, తర్వాత రెండు వారాలు లెక్కలు తీయండి. మూసిన రోడ్డు మీదే కాదు, దానికి సమాంతరంగా ఉన్న వీధులన్నిటి మీదా తీయాలి. ఈ రెండో లెక్క చేతిలో లేకుండా మొదటి సమావేశానికి వెళితే తొలి ప్రశ్నకే మీ దగ్గర జవాబుండదు.

రోడ్డు తీయడం కుదరకపోతే దాన్ని లొంగదీయాలి. వరుసలు తగ్గించండి. మధ్యలో కనీసం రెండు మీటర్ల వెడల్పున ఆగే చోటు ఇవ్వండి, పిల్లల బండి తోసుకొచ్చే తల్లి నిలబడగలగాలి. చాలా చోట్ల సిగ్నళ్ళను సెకనుకు సుమారు 1.2 మీటర్ల నడక వేగం లెక్కన అమరుస్తారు. తీరానికి వెళ్ళే దారిలో ఆ అంకెను 0.8కి దించమని పట్టుబట్టండి. పై వంతెనలు, కింది సొరంగాలు పరిష్కారమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు నలభై మెట్లెక్కి దిగి నీళ్ళు చూడడానికి రారు. నేల మీద నడిచి దాటడమే దారి.

నీటి వైపు ఒక్క రాజవీధి వేసి ఊరుకోవద్దు. నడిబొడ్డులోని వీధుల్లో నీటి వైపు తిరిగి ఉన్నవన్నీ గుర్తించి, ఎక్కడెక్కడ గోడలు, గోదాములు, పార్కింగ్ స్థలాలు వాటిని మధ్యలో తెగ్గొట్టాయో చూడండి. వీలైనన్నిటిని నీటి దాకా కొనసాగించండి. రెండు దారుల మధ్య దూరం 150 మీటర్లు దాటకూడదన్నది నా లెక్క. అంతకు మించితే వెనుక వీధుల వాళ్ళకు తీరం తమది కాదనిపిస్తుంది.

నీటి మట్టాన్ని అడిగి తెలుసుకోవడం

కార్యాలయంలో దొరికే వరద పటం అవసరమే, కానీ అదొక్కటే చాలదు. ఒక పథకంలో పడవ నడిపే పెద్దాయన నన్ను పాత గోదాము గోడ దగ్గరికి తీసుకెళ్ళాడు. వేలితో సున్నం గీకి, నా కనుబొమల ఎత్తున ఉన్న చిన్న గాటు చూపించాడు. "నీళ్ళు ఇక్కడి దాకా వచ్చాయమ్మా, మా నాన్న మేకుతో గీశాడు" అన్నాడు. నా చేతిలోని పటంలో వరద గీత ఆ గాటుకు 70 సెంటీమీటర్లు కింద ఉంది. మర్నాడు లెవెల్ యంత్రం తెప్పించి కొలిపించాను. నదిలో కొలబద్ద పాతక ముందే వచ్చిన వరద అది, అందుకే లెక్కల్లోకి ఎక్కలేదు. మా నేల మట్టాలన్నీ మార్చి గీయాల్సి వచ్చింది. ఇంటింటికీ తిరిగి ఇలాంటి గాట్లు వెతికించండి. ఏ మెట్టు మునిగింది, ఏ గుమ్మం దాకా వచ్చింది అని అడిగితే జనం సంవత్సరంతో సహా చెబుతారు.

తర్వాత పటం మీద మూడు గీతలు గీయండి: రోజూ ఉండే మట్టం, దాదాపు ఏటా వచ్చే మట్టం, వందేళ్ళ వరద మట్టం. వందేళ్ళ వరద అంటే వందేళ్ళకోసారి వచ్చేదని చాలామంది, కొందరు అధికారులు కూడా, అనుకుంటారు. ఏ ఏడాదికైనా నూటికి ఒక వంతు అవకాశం ఉన్నదని దాని అర్థం. ముప్పై ఏళ్ళ ఇంటి అప్పు తీరేలోగా అది ఒక్కసారైనా వచ్చే అవకాశం 26 శాతం. సమావేశాల్లో ఈ అంకెనే చెప్పండి, వినేవాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. సముద్ర తీరమైతే పెరుగుతున్న సముద్ర మట్టాన్నీ దానికి కలపాలి.

ఈ మూడు గీతల మధ్య ఏది ఎక్కడ ఉండవచ్చో నిర్ణయించడమే తీర ప్రణాళికలో సగం పని. దీన్ని బాగా చేసిన నగరం జర్మనీలోని హాంబర్గ్. 1962 తుపాను వరదలో అక్కడ మూడు వందల మందికి పైగా చనిపోయారు. అయినా పాత రేవు ప్రాంతంలో 157 హెక్టార్లలో హాఫెన్‌సిటీ అనే కొత్త పేటను కట్టేటప్పుడు చుట్టూ ఎత్తైన కరకట్ట కట్టలేదు. భవనాలను, వీధులను సముద్ర మట్టానికి ఎనిమిది తొమ్మిది మీటర్ల ఎత్తున్న దిబ్బల మీద నిలబెట్టారు. నీటి పక్కన నడిచే బాటను మాత్రం పాత ఎత్తులోనే, అయిదు మీటర్లకు అటూ ఇటూగా ఉంచారు. తుపాను వస్తే ఆ బాట మునుగుతుంది, తర్వాత తేలుతుంది, కడిగి మళ్ళీ వాడుకుంటారు. మునిగే చోటు మునగడానికి సిద్ధంగా ఉంటే ఊరికీ నీటికీ మధ్య గోడ అక్కర్లేదు. అలాంటి చోట విద్యుత్ పెట్టెలు, మోటార్లు, చెక్క బల్లలు పెట్టకూడదు. రాయి, కాంక్రీటు, వంగి మళ్ళీ లేచే గడ్డి, నీరు నిలవని వాలు ఉండాలి.

నదిని ఇరుకు చేసి నేల సంపాదించాలన్న ఆశ ప్రతి నగరానికీ పుడుతుంది. అహ్మదాబాద్‌లో సబర్మతికి రెండు వైపులా గోడలు కట్టి, దాదాపు 11 కిలోమీటర్ల మేర నదిని 263 మీటర్ల ఒకే వెడల్పుకు తెచ్చి, సుమారు 200 హెక్టార్ల నేల పొందారు. అంత పని తలపెట్టే ముందు ఎగువన ఆనకట్ట గేట్లు ఎత్తితే ఎంత నీరు వస్తుందో, ఆ ఇరుకు వల్ల పైన ఎవరి ఇళ్ళు మునుగుతాయో లెక్క వేయించండి. ఆ లెక్క వేసేవాళ్ళు నేల అమ్ముకునే సంస్థ జీతం మీద ఉండకూడదు.

ఏడాది పొడవునా నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయన్నది ఇంకో ప్రశ్న. సబర్మతిలోకి నర్మదా కాలువ నీళ్ళు వదులుతున్నారు. సియోల్‌లో చెయాంగ్యెచియాన్ వాగు మీద కప్పిన ఎత్తు రోడ్డును 2003లో కూల్చడం మొదలుపెట్టి, 2005 నాటికి 5.8 కిలోమీటర్ల వాగును వెలికి తీశారు. అద్భుతమైన పని అది. ఆ వాగులో పారే నీరు మాత్రం చాలావరకు హాన్ నది నుంచి మోటార్లతో తోడిపోస్తున్నదే. తోడిపోయాల్సి వస్తే ఆ కరెంటు ఖర్చును మొదటి రోజే నిర్వహణ పద్దులో రాసి పెట్టండి.

కంపు కొట్టే నీటి పక్కన ఏదీ కట్టవద్దు

దీని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, కానీ ఎక్కువ పథకాలు తప్పేది ఇక్కడే. తీరంలో నడిచి, నీటిలోకి కలిసే ప్రతి గొట్టానికీ ఒక అంకె ఇవ్వండి. ఎండాకాలంలో ఎంత పారుతోంది, వర్షం పడ్డ గంటకు ఎంత పారుతోంది అని కొలవండి. వర్షపు నీరు, మురుగు ఒకే గొట్టంలో కలిసే పాత నగరాల్లో గట్టి వాన పడితే మురుగు నేరుగా నదిలోకే పొంగుతుంది. కోపెన్‌హాగెన్ ఆ పొంగును ఆపి నిల్వ చేసే పెద్ద తొట్లను భూమిలో కట్టింది, పొంగు గొట్టాలను మూసుకుంటూ వచ్చింది. 2002 నాటికి రేవు నీళ్ళలోనే జనం ఈత కొట్టే స్థలం తెరవగలిగింది. సింగపూర్ తన నదిని శుభ్రం చేయడానికి 1977 నుంచి 1987 దాకా పదేళ్ళు తీసుకుంది. మీ ప్రణాళికలో మురుగు పనికి రెండేళ్ళు రాసి ఉంటే ఆ అంకెను ఇంకోసారి చూసుకోండి.

నేల ఎవరి చేతిలో ఉండాలి

నా దృష్టిలో అన్నిటికంటే బరువైన విషయం ఇది. పటాలు మారతాయి, అధికారులు మారతారు, హక్కు పత్రం మాత్రం నిలబడుతుంది. షికాగో సరస్సు ఒడ్డు ఈనాడు ఖాళీగా, అందరిదిగా ఉందంటే 1836 నాటి ఒక పటం మీద అధికారులు రాసిన ఒక్క వాక్యం కారణం: ఇది ప్రజల ఉమ్మడి స్థలం, ఎప్పటికీ ఏ భవనమూ అడ్డూ లేకుండా ఉండాలి అని. ఆ వాక్యాన్ని పట్టుకుని మాంట్‌గోమరీ వార్డ్ అనే వ్యాపారి 1890 నుంచి రెండు దశాబ్దాల పాటు కోర్టుల్లో పోరాడాడు. అదే సరస్సు అడుగు నేలను ఒక రైల్వే కంపెనీకి రాష్ట్రం రాసిచ్చేస్తే, అది ప్రజల తరఫున ప్రభుత్వం కాపాడాల్సిన ఆస్తి, అలా ఇచ్చేయడం చెల్లదని 1892లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మీ ప్రణాళికలోనూ అటువంటి వాక్యం ఒకటి ఉండాలి. నీటి అంచు నుంచి ఇన్ని మీటర్ల వెడల్పున, ఈ చివర నుంచి ఆ చివర దాకా, పగలూ రాత్రీ అందరూ నడవవచ్చు అని రాసి చట్టబద్ధం చేయించండి. వెడల్పు విషయంలో ఎవరు ఎంత బేరమాడినా 20 మీటర్లకు తగ్గకండి. నడిచేవాళ్ళు, సైకిళ్ళు, కూర్చునేవాళ్ళు, చెట్లు, మరమ్మతు బండి, అన్నీ అందులోనే పట్టాలి.

మిగతా నేలను వీలైతే అమ్మకండి, దీర్ఘకాలపు లీజుకివ్వండి. న్యూయార్క్‌లోని బ్యాటరీ పార్క్ సిటీ నదిని పూడ్చి చేసిన 92 ఎకరాల నేల. అక్కడ భూమి ఇప్పటికీ ప్రభుత్వ అథారిటీదే, భవనాలది లీజు. దాని చరిత్రలో ఇంకో పాఠమూ ఉంది. మొదట వేసినది ఒకదానికొకటి అతుక్కున్న మహా కట్టడాల ప్రణాళిక. అంత పెద్ద ముక్కను ఎత్తుకునేవాళ్ళు దొరకలేదు, 1976కల్లా పూడిక పూర్తయినా నేల ఎండుతూ ఉండిపోయింది. 1979లో కొత్త ప్రణాళిక వేసి, నగరంలోని పాత వీధుల్నే నది దాకా సాగదీసి, నేలను మామూలు భవనాలు పట్టే ముక్కలుగా చేసి వేర్వేరు సంస్థలకు ఇచ్చారు. నది పక్క వాహ్యాళి బాటను తొలి దశలోనే వేశారు. అప్పుడు పని కదిలింది. చిన్న ముక్కలకు ఇంకో మేలుంది: ఒక సంస్థ చతికిలపడినా పక్క ముక్క పని ఆగదు.

ముక్కను ఎవరికివ్వాలో కేవలం ఎక్కువ పాటను బట్టి తేల్చకండి. హాఫెన్‌సిటీలో ఎంపికైన వారికి మొదట నేల అమ్మరు, కొంత గడువు ఇస్తారు. ఆ గడువులో వాళ్ళు భవన నమూనాకు పోటీ పెట్టాలి, అనుమతి తెచ్చుకోవాలి. అన్నీ కుదిరాకే నేల చేతులు మారుతుంది. కొనుక్కుని పదేళ్ళు కంచె వేసి కూర్చునేవాళ్ళకు దీంతో దారి మూసుకుపోతుంది.

ఇప్పటికే అక్కడ బతుకుతున్నవాళ్ళు

పథకం గురించి బయటికి ఒక్క మాట పొక్కక ముందే తీరంలో ఎవరెవరున్నారో లెక్క తీయించండి. ఇళ్ళవాళ్ళే కాదు, పడవలవాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు, తోపుడు బండ్లవాళ్ళు, వారానికోసారి సంత పెట్టుకునేవాళ్ళు, రాత్రి పడుకోవడానికి మాత్రమే వచ్చేవాళ్ళు కూడా లెక్కలో ఉండాలి. పొద్దున ఒకసారి, నడిరాత్రి ఒకసారి, పని దినాన, సెలవు దినాన తీయాలి. ప్రతి ఒక్కరికీ తేదీ, సంతకం ఉన్న చీటీ ఇవ్వండి. తర్వాత ఎవరు ఉన్నారు, ఎవరు లేరు అనే గొడవలో బీదవాళ్ళకు ఆ చీటీయే సాక్ష్యం.

ఒకసారి నేను వల అల్లుకునే ఒక మనిషి పక్కన మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. మా పటంలో ఆయనకు కొత్త కాలనీలో మంచి ఇల్లు కేటాయించాం, రెండు గదులు, కుళాయి, మరుగుదొడ్డి. ఆయన కోపపడలేదు. లేచి తన పడవ దాకా అడుగులు లెక్కపెడుతూ నడిచాడు. నలభై రెండు అడుగులు. "తడి వల ఎంత బరువుంటుందో ఎత్తి చూడండమ్మా" అన్నాడు. ఎత్తబోయాను, నేల విడవలేదు. కొత్త ఇల్లు అక్కడికి తొమ్మిది కిలోమీటర్లు. ఆ రోజు సాయంత్రం పటంలో పడవలు లాగే వాలుకు ఆనుకుని వలలు ఆరవేసే చదును, సామాను పెట్టుకునే గదులు గీశాను. ఇళ్ళను నడక దూరంలోనే చూపించాలని రాశాను. దాని మీద మూడు సమావేశాల్లో వాదించాల్సి వచ్చింది. వాదించండి. దూరం విషయంలో రాజీపడితే ఇల్లిచ్చి జీవనోపాధి తీసేసినట్టే.

సబర్మతి పథకంలో వేల కుటుంబాలను తీరం నుంచి తరలించారు, వ్యవహారం హైకోర్టు దాకా వెళ్ళింది. అక్కడి ఆదివారం సంత వ్యాపారులూ పోరాడాల్సి వచ్చింది, చివరికి అదే తీరంలో వాళ్ళకు స్థలం ఏర్పాటైంది. మొదటి పటంలోనే ఆ సంతను గీసి ఉంటే అందరికీ అన్నేళ్ళు కలిసొచ్చేవి.

నడిబొడ్డుకు తిరిగి ప్రాణం

తీరం బాగుపడితే నడిబొడ్డు దానంతటదే బాగుపడుతుందని అనుకోవద్దు. దుకాణాలు తీరానికి తరలిపోయి పాత బజారు చీకటి పడ్డ సందర్భాలూ ఉన్నాయి. కాబట్టి రెండు చోట్లా వేర్వేరు పనులు పెట్టండి. కొనుగోళ్ళు, కార్యాలయాలు, కోర్టు, గ్రంథాలయం నడిబొడ్డులోనే ఉండనివ్వండి. తీరంలో పెద్ద మాల్ పెట్టనివ్వకండి. అమెరికాలోని బాల్టిమోర్ రేవులో 1980లో తెరిచిన హార్బర్‌ప్లేస్ దుకాణ మంటపాలను చూసి ఎన్నో నగరాలు నకలు చేశాయి. కొత్తదనం పోయాక అద్దెదారులు తగ్గారు, 2019లో అవి కోర్టు ఆస్తిని చూసుకోవడానికి నియమించిన రిసీవరు చేతికి వెళ్ళాయి. సందర్శకుల మీదే బతికే చోటుకు ఒడుదుడుకులు తప్పవు.

నడిబొడ్డులో జనం నివాసముండాలి. పాత దుకాణాల పై అంతస్తులు చూడండి, చాలావరకు తాళాలు వేసి, పాత సామానుతో నిండి ఉంటాయి. వాటికి వేరే మెట్లదారి, అగ్నిప్రమాదంలో బయటపడే దారి ఉండవు కాబట్టి అద్దెకివ్వరు. ఆ మెట్లదారికి సాయం చేసే చిన్న పథకం ఒకటి పెడితే, ఒక కొత్త బహుళ అంతస్తుల భవనం కంటే త్వరగా కిటికీల్లో దీపాలు వెలుగుతాయి. వీధి వైపు తలుపులు లెక్కపెట్టండి. పది మీటర్లకు ఒక తలుపైనా లేని వీధిలో రాత్రి ఎనిమిది దాటాక నడవడానికి మనసొప్పదు. కొత్త భవనాల నిబంధనల్లో కింది అంతస్తు గోడ ఇన్ని మీటర్లకు మించి మూసి ఉండకూడదని రాయండి. ఎత్తు నీటి వైపు తక్కువ, వెనక్కి పోయేకొద్దీ ఎక్కువ ఉండాలి. మొదటి వరుసలో గోడలా లేచిన భవనాలు వెనుక వీధికి గాలీ చూపూ రెండూ ఆపేస్తాయి.

రవాణా ముందు రావాలి. లండన్ పాత రేవు ప్రాంతమైన డాక్‌ల్యాండ్స్‌లో 1981లో అభివృద్ధి సంస్థ పెట్టారు, 1987లో చిన్న రైలు వచ్చింది. కానీ అక్కడి కెనరీ వార్ఫ్ అనే చోట లేచిన అంతటి కార్యాలయాలకు అది సరిపోలేదు. ఆస్తుల ధరలు పడిపోయిన 1992లో కెనరీ వార్ఫ్‌ను కడుతున్న సంస్థ దివాలా తీసింది. భారీగా జనాన్ని మోయగల జూబ్లీ రైలు మార్గం వచ్చేసరికి 1999 అయింది.

ఏది ముందు, ఏది తర్వాత

నా వరస ఇది. మురుగు, వరద మట్టాలు, హక్కు వాక్యం, రోడ్డు దాటే చోట్లు. ఆ తర్వాత వాహ్యాళి బాటలో మొదటి 300 మీటర్లు, నడిబొడ్డుకు అన్నిటికంటే దగ్గరగా ఉన్నచోట. ఆ ముక్క పూర్తిగా, చెట్లతో మరుగుదొడ్లతో తాగునీటితో సహా పూర్తిచేసి తెరవండి. మిగతా తీరం ఎలా ఉండబోతుందో జనం కళ్ళారా చూస్తారు, తర్వాతి ముక్క కోసం వాళ్ళే అడుగుతారు. భవనాల ముక్కలు ఆ తర్వాత ఒక్కొక్కటిగా బయటికి తీయండి, అప్పటికి నేల విలువ పెరిగి ఉంటుంది, ఆ పెరుగుదల ప్రజల పద్దులోకి వస్తుంది.

"మాకూ బిల్బావోలా ఒక మ్యూజియం కావాలి" అని ప్రతి నగరంలోనూ ఎవరో ఒకరు అంటారు. స్పెయిన్‌లోని ఆ నగరంలో 1997లో గుగ్గెన్‌హైమ్ అనే మ్యూజియం తెరిచిన మాట నిజమే. అంతకు ముందే అక్కడ మురికి నదిని శుభ్రం చేసే పని మొదలైంది, 1992లో ప్రభుత్వ సంస్థలన్నీ కలిసి తమ భూములను ఒకే సంస్థ కిందికి తెచ్చాయి, 1995లో మెట్రో నడిచింది, రేవు సముద్రం వైపు జరిగింది. ఈ సంవత్సరాలన్నీ చెప్పి, మీరు ఇప్పుడు వీటిలో ఏ ఏడాదిలో ఉన్నారని అడగండి.

నిర్వహణ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో శంకుస్థాపనకు ముందే రాయించండి. లీజు అద్దెలో ఇంత వాటా తీరానికే అని కట్టేయడం నేను చూసినవాటిలో గట్టి పద్ధతి. దీపం మాడిపోతే ఎన్ని గంటల్లో మార్చాలి, మరుగుదొడ్డి రోజుకెన్నిసార్లు కడగాలి, వరద బురద ఎన్ని రోజుల్లో ఎత్తాలి అన్నవి ఆ ఒప్పందంలోనే ఉండాలి.

తెరిచాక మళ్ళీ లెక్కపెట్టండి, ముందు లెక్కపెట్టిన అవే చోట్ల, అవే గంటల్లో. ఎంతమంది వచ్చారన్నది ఒక వరుసలో, ఎంతసేపు కూర్చున్నారన్నది ఇంకో వరుసలో రాయండి. ఆడవాళ్ళను, పిల్లలను, ముసలివాళ్ళను వేరుగా గుర్తించండి. మా రెండో పథకంలో మొదటి ఏడాది లెక్కలు చూస్తే, నీటిలోకి దిగే మెట్ల మీద యువకులే తప్ప పెద్దవాళ్ళు కూర్చోవడం లేదు. వెళ్ళి టేపు పెట్టాను. ఒక్కో మెట్టు 45 సెంటీమీటర్ల ఎత్తు, కూర్చోవడానికి బాగుంటుందని అలా కట్టారు. కూర్చోవడానికి బాగానే ఉంది, కానీ దిగడానికి ఎక్కడానికి కాదు. మూడు చోట్ల ఆ మెట్ల మధ్య 15 సెంటీమీటర్ల చిన్న మెట్ల వరుసలు వేయించి, పక్కన చేతికి అందే ఉక్కు కడ్డీ పెట్టించాం. పని పదకొండు రోజుల్లో అయింది. పన్నెండో రోజు సాయంత్రం ఆరు గంటలకు, నా పుస్తకంలో పెద్దవాళ్ళ వరుసలో తొమ్మిది గీతలు పడ్డాయి.